దస్తావేజులో మనిషి: అమెరికా తోటల్లో బానిసల చట్టం, బతుకు

అందరికీ నమస్కారం. ఇంత ఉక్కపోతలో, శనివారం సాయంత్రం పూట, పనులు మానుకుని ఈ గ్రంథాలయానికి వచ్చినందుకు సంతోషం. వెనక వరుసల్లో లా కాలేజీ పిల్లలు చాలామంది కనిపిస్తున్నారు. ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయమ్మా, ఇలా వచ్చి కూర్చోండి. ఈ మాటలు ఎక్కువగా మీ కోసమే.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఆస్తి చట్టం పాఠం చెప్పాను. బదిలీ, తాకట్టు, వారసత్వం, వీలునామా. ఏటా మొదటి క్లాసులో ఒకటే ప్రశ్న అడిగేవాణ్ణి: ఆస్తి అంటే ఏమిటి? పొలం అనేవాళ్లు, ఇల్లు అనేవాళ్లు, బంగారం, బ్యాంకు డిపాజిట్ అనేవాళ్లు. ఇన్నేళ్లలో ఏ ఒక్కరూ 'మనిషి' అని చెప్పలేదు. వాళ్ల నోటికి ఆ మాట రాకపోవడం నాకు సంతోషమే. కానీ ఇదే ప్రశ్న 1705లో, అప్పట్లో ఇంగ్లండు వలసగా ఉన్న అమెరికాలోని వర్జీనియాలో అడిగి ఉంటే, అక్కడి శాసనసభ రాసిన జవాబు ఉంది. బానిసలు స్థిరాస్తి అని రాసింది. పొలంలాగా, ఇంటిలాగా. తండ్రి పోతే పొలంతో పాటు వారసుడికి వస్తారు. ఆయనకు అప్పులుంటే ఆ అప్పుల కింద పోతారు.

రిటైరయ్యాక మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్లినప్పుడు, లూసియానాలో మిసిసిపీ నది ఒడ్డున ఒక పాత తోట బంగ్లా చూపించారు. తోట అంటే ఇక్కడ ప్లాంటేషన్, బానిసల చేత పంట పండించిన పెద్ద ఎస్టేటు. గైడు నలభై నిమిషాలు పింగాణీ పళ్లేల గురించి, దీపాల గుత్తుల గురించి చెప్పింది. వెనక ఉన్న బానిసల గుడిసెల దగ్గర ఐదు నిమిషాలు కూడా ఆగలేదు. ఆ చెట్ల కింద ఎవరో పెళ్లి ఫొటోలు తీయించుకుంటున్నారు. నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. మర్నాడు విట్నీ ప్లాంటేషన్‌కు తీసుకెళ్లమన్నాను. అది 2014లో మ్యూజియంగా తెరిచిన చోటు. అక్కడ కథ బంగ్లా వైపు నుంచి మొదలవదు, బానిసల వైపు నుంచి మొదలవుతుంది. రాతి పలకల మీద పేర్లు చెక్కారు. వేల పేర్లు. చాలావాటికి ఇంటిపేరు లేదు. ఆ పలకల మధ్య నడుస్తుంటే నాకొకటే అనిపించింది: ఈ మనుషుల ఇంటిపేర్లు ఎవరు తీసేశారు? ఇంటికొచ్చి చట్టాలు తిరగేశాను. దొరికిన జవాబే ఈ సాయంత్రం మీకు చెప్పదలుచుకున్నాను.

మనలో చాలామందికి ఒక అభిప్రాయం ఉంటుంది, బానిసత్వం అంటే చట్టం లేని చోట బలవంతులు చేసిన దౌర్జన్యం అని. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. పాత శాసనాలు చదివాక ఆ అభిప్రాయం మార్చుకున్నాను. చదువుకున్న పెద్దమనుషులు సభలో కూర్చుని, చర్చించి, సెక్షన్లు పెట్టి, జరిమానాలు లెక్కగట్టి, ఒక్కో ఇటుకే పేర్చి కట్టిన కట్టడం అది.

ఎలా కట్టారో చూడండి. 1619 ఆగస్టులో ఇరవై మంది పైచిలుకు ఆఫ్రికన్లను ఒక ఓడ వర్జీనియా తీరానికి తెచ్చింది. అప్పటికి అక్కడ బానిసల కోసం ప్రత్యేకమైన చట్టం లేదు. ఇంగ్లండు నుంచి వచ్చిన పేదవాళ్లు కూడా కొన్నేళ్ల ఒప్పందం మీద చాకిరీ చేసేవాళ్లు. 1640లో ముగ్గురు పనివాళ్లు పారిపోయి పట్టుబడ్డారు. ఇద్దరు యూరప్ వాళ్లు, మూడోవాడు జాన్ పంచ్ అనే నల్లజాతి మనిషి. చేసిన తప్పు ఒకటే. ఇద్దరికీ నాలుగేళ్ల చాకిరీ పెంచారు. జాన్ పంచ్‌కి మాత్రం బతికినంత కాలం చాకిరీ చేయాలని కోర్టు చెప్పింది.

తర్వాత ఎలిజబెత్ కీ అనే ఆమె కోర్టుకెక్కింది. తల్లి ఆఫ్రికన్, తండ్రి ఇంగ్లీషువాడు. ఇంగ్లండు చట్టం ప్రకారం బిడ్డ హోదా తండ్రిని బట్టి వస్తుంది కాబట్టి తాను స్వతంత్రురాలినని వాదించింది. 1656లో గెలిచింది. ఒక స్త్రీ న్యాయంగా వాదించి గెలిచాక శాసనసభ ఏం చేసిందో గమనించండి. ఆరేళ్లలో, అంటే 1662లో, చట్టాన్నే తిరగరాసింది. ఇకమీదట బిడ్డ హోదా తల్లిని బట్టి ఉంటుందని రాసింది.

ఈ ఒక్క వాక్యం దగ్గర కాసేపు ఆగుదాం. తండ్రి పేరుతో వంశం, తండ్రి పేరుతో ఆస్తి చెప్పుకునే సమాజం అది. బానిస స్త్రీ కడుపున పుట్టిన బిడ్డ విషయంలో మాత్రం తండ్రి ఎవరన్న ప్రశ్నే అక్కర్లేదంది. అంటే యజమాని తన బానిస స్త్రీ మీద అత్యాచారం చేస్తే, ఆ బిడ్డ అతనికి కొడుకూ కూతురూ కాదు, మరో ఆస్తి. ఆవు ఈనితే దూడ ఎవరిదో మనకు తెలుసు కదా, సరిగ్గా ఆ లెక్క. ఎన్ని తరాలు గడిచినా అమ్మమ్మ బానిసైతే అమ్మ బానిస, అమ్మ బానిసైతే బిడ్డ బానిస. ఆఫ్రికా నుంచి ఇప్పటి అమెరికా ప్రాంతానికి ఓడల్లో దింపిన వాళ్లు సుమారు 4 లక్షల మంది. 1808 నుంచి కొత్తవాళ్లను దించడాన్ని చట్టం నిషేధించింది. అయినా 1860 జనాభా లెక్కల నాటికి బానిసల సంఖ్య 39 లక్షల 50 వేలు దాటింది. 1662 నాటి ఆ వాక్యం ఎంత పని చేసిందో ఈ రెండు అంకెలే చెబుతాయి.

ఆ తర్వాత చకచకా వచ్చాయి. 1667లో, బాప్తిస్మం తీసుకున్నా బానిసత్వం పోదన్నారు. 1669లో, యజమాని దండిస్తుండగా బానిస చనిపోతే అది హత్య కిందికి రాదన్నారు. కారణం కూడా రాశారు: తన ఆస్తిని తానే పాడు చేసుకోవాలని ఎవరూ పగబట్టి అనుకోరు కాబట్టి, చంపాలన్న ఉద్దేశం ఉందని భావించడానికి వీల్లేదట. లా విద్యార్థులు ఈ తర్కాన్ని ఒకసారి మనసులో మళ్లీ చదువుకోండి. చనిపోయిన మనిషి ఆస్తి కావడమే చంపినవాడికి రక్షణ అయింది.

సౌత్ కరోలినా సంగతి వేరే చెప్పాలి. 1739లో అక్కడ స్టోనో నది దగ్గర బానిసలు తిరగబడ్డారు. మరుసటి ఏడాది, 1740లో, శాసనసభ పెద్ద చట్టం ఒకటి తెచ్చింది. వర్జీనియా స్థిరాస్తి అంటే వీళ్లు చరాస్తి అన్నారు. నేను బ్లాక్‌బోర్డు మీద ఈ తేడా రాసి ఎన్నిసార్లు వివరించానో లెక్కలేదు. చరాస్తి అంటే బల్ల, కుర్చీ, బండి. పొలంతో సంబంధం లేకుండా విడిగా అమ్ముకోవచ్చు, తాకట్టు పెట్టొచ్చు, ఊరు దాటించొచ్చు.

ఆ చట్టంలో జరిమానాల పట్టిక నన్ను చాలా రోజులు వెంటాడింది. బానిసను కావాలని హత్య చేస్తే 700 పౌండ్ల జరిమానా. ఆవేశంలోనో, దండించడంలో హద్దు మీరో చంపితే 350 పౌండ్లు. బానిస నాలుక కోస్తే, కన్ను పీకేస్తే, సలసల కాగే నీళ్లు పోస్తే 100 పౌండ్లు. కొరడాతో, బెత్తంతో కొట్టడానికి, ఇనుప సంకెళ్లు వేయడానికి జరిమానా లేదు. ఇక బానిసకు రాయడం నేర్పిస్తే? అదీ 100 పౌండ్లే. నాలుక కోయడమూ, పలక మీద అక్షరం దిద్దించడమూ ఆ చట్టం దృష్టిలో ఒకే ధర ఉన్న నేరాలు. నేను మాస్టారిని. ఈ సంగతి చదివిన రోజు పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

అదే చట్టంలో దయ అనిపించే సెక్షన్లూ ఉన్నాయి. ఎండాకాలం ఆరు నెలల్లో రోజుకు 15 గంటలు, చలికాలం ఆరు నెలల్లో 14 గంటలు మించి పని చేయించకూడదన్నారు. పరిమితే అది! అంతకు ముందు ఎంతసేపు చేయించేవాళ్లో ఊహించుకోండి. తిండి, బట్ట సరిగా ఇవ్వకపోతే యజమాని మీద ఫిర్యాదు చేయొచ్చన్నారు. అయితే బానిస ఫిర్యాదు చేయడానికి లేదు, అతని తరఫున ఇంకెవరైనా చేయాలి. సాక్ష్యం లేకపోతే యజమాని తానే ప్రమాణం చేసి 'నేను పెడుతున్నాను' అంటే కేసు కొట్టేస్తారు. కడుపు మాడినవాడి మాటకు కోర్టులో విలువ లేదు, ఎందుకంటే తెల్లవాడికి వ్యతిరేకంగా బానిస సాక్ష్యం చెల్లదు. రక్షణ పేరుతో ఎన్ని సెక్షన్లు రాసినా ఈ ఒక్క నియమం వాటన్నిటి గాలీ తీసేసింది. తోటలో జరిగేది చూసేదెవరు? తోటి బానిసలే కదా.

ఇక్కడ మీకొక సందేహం రావాలి. బానిస ఆస్తి అయితే, బానిస నేరం చేస్తే ఎవరిని శిక్షిస్తారు? బల్లనో, బండినో ఉరి తీయరు కదా. దీనికి జవాబు మిస్సోరీ రాష్ట్రంలో జరిగిన కేసులో ఉంది. ఆమె పేరు సీలియా. 1850లో రాబర్ట్ న్యూసమ్ అనే రైతు ఆమెను కొన్నప్పుడు ఆమెకు సుమారు 14 ఏళ్లు. కొని ఇంటికి తీసుకొస్తున్న దారిలోనే అత్యాచారం చేశాడు. తన ఇంటికి దగ్గర్లో ఒక గుడిసెలో ఉంచాడు. ఐదేళ్లు అదే సాగింది. పిల్లలు పుట్టారు. 1855 జూన్‌లో ఆమె మళ్లీ గర్భంతో ఉంది, ఒంట్లో బాగా లేదు. నా దగ్గరికి రావొద్దని చెప్పింది. వచ్చాడు. కర్ర తీసుకుని కొట్టింది, చచ్చిపోయాడు.

మిస్సోరీ చట్టంలో అప్పటికే ఒక నిబంధన ఉంది. 'ఏ స్త్రీనైనా' బలవంతంగా చెరచబోవడం నేరం, అలాంటి నేరాన్ని అడ్డుకుంటూ చంపితే అది సమర్థించదగినదే. సీలియా తరఫు లాయర్లు ఆ మాటే పట్టుకున్నారు. 'ఏ స్త్రీనైనా' అన్న మాటలో బానిస స్త్రీ కూడా వస్తుందని జూరీకి చెప్పండి అని జడ్జిని కోరారు. ఆయన ఒప్పుకోలేదు. 1855 డిసెంబరు 21న ఆమెను ఉరి తీశారు. అప్పటికి ఆమెకు 19 ఏళ్లు. రక్షణ కావలసినప్పుడు సీలియా 'స్త్రీ' కింద లెక్కకు రాలేదు. ఉరి వేయాల్సి వచ్చినప్పుడు మాత్రం బాధ్యత గల మనిషి అయింది. ఈ రెండు నాలుకలే బానిస చట్టానికి ప్రాణం.

ఇంకొక కేసు చెబుతాను, దీనికి మళ్లీ చివర్లో వస్తాను. నార్త్ కరోలినాలో చోవాన్ కౌంటీ. 1829. లిడియా అనే బానిస స్త్రీని ఆమె యజమానురాలు జాన్ మాన్ అనే అతనికి ఏడాది పనికి అద్దెకిచ్చింది. ఏదో చిన్న తప్పు చేసిందని అతను ఆమెను కొట్టబోయాడు. ఆమె పరిగెత్తింది. ఆగమన్నాడు. ఆగలేదు. తుపాకీతో కాల్చాడు. ఆమె గాయపడింది. కింది కోర్టు అతన్ని దోషి అంది, 5 డాలర్ల జరిమానా వేసింది. అదీ ఎక్కువే అనిపించి అతను రాష్ట్ర సుప్రీంకోర్టుకు వెళ్లాడు. జస్టిస్ థామస్ రఫిన్ ఆ శిక్షను రద్దు చేస్తూ రాశాడు: బానిస లొంగుబాటు సంపూర్ణం కావాలంటే యజమాని అధికారానికి హద్దు ఉండకూడదు. ఇది రాయడం తనకు కష్టంగా ఉందని కూడా ఆ తీర్పులోనే ఒప్పుకున్నాడు. ఆయన సొంతానికీ బానిసలున్నారు. తీర్పు మొత్తంలో లిడియా చెప్పిన మాట ఒక్కటీ లేదు. ఉండే వీలే లేదు.

నన్ను తరచూ అడుగుతుంటారు, మంచి యజమానులు కూడా ఉండేవారు కదండీ అని. ఉండి ఉండొచ్చు. రఫిన్ తీర్పు చదివాక మాత్రం ఆ ప్రశ్నకు పెద్దగా అర్థం లేదని తేలింది నాకు. కొట్టకుండా ఉండటం ఆ యజమాని ఇష్టం. కొట్టడం కూడా అతని ఇష్టమే. అవతలి మనిషికి హక్కుగా ఏదీ లేదు. పైగా మంచి యజమాని ఒకరోజు చచ్చిపోతాడు, లేదా అప్పులపాలవుతాడు. అప్పుడేమవుతుంది?

1859 మార్చి 2, 3 తేదీల్లో జార్జియాలోని సవానా దగ్గర గుర్రప్పందాల మైదానంలో జరిగింది అదే. పియర్స్ బట్లర్ అనే ఆయనకు వరి, పత్తి తోటలు తాతల నుంచి వచ్చాయి. జూదంలో, షేర్లలో పోగొట్టుకున్నాడు. అప్పులు తీర్చడానికి తన వంతు బానిసలను, సుమారు 430 మందిని, రెండు రోజుల్లో వేలం వేశాడు. ఆ రెండు రోజులూ వాన. జాబితాలో ఒక్కొక్కరికీ నంబరు. న్యూయార్క్ నుంచి వచ్చిన ఒక విలేకరి కొనేవాడిలా నటిస్తూ అక్కడ తిరిగి, చూసిందంతా రాశాడు. నంబరు 319, జెఫ్రీ, 23 ఏళ్లు, పత్తి పనిలో దిట్ట, 1,310 డాలర్లకు పోయాడు. తనను కొన్న కొత్త యజమాని దగ్గరికి టోపీ చేత్తో పట్టుకుని వెళ్లి, నంబరు 278 డార్కస్‌ను కూడా కొనమని బతిమాలాడు. మేమిద్దరం ప్రేమించుకున్నాం, పెళ్లి చేసుకుంటాం, తను ఎంత పనైనా చేస్తుంది అని. ఆ మనిషి సరే అన్నట్టే ఉన్నాడు. మర్నాడు చూస్తే డార్కస్‌ను విడిగా అమ్మడం లేదు, నలుగురున్న కుటుంబంతో కలిపి పాట పెట్టారు. నలుగురిని కొనడం తనవల్ల కాదన్నాడు. అంతే.

అక్కడ ఇంకో సంగతి కూడా ఉంది. భార్యాభర్తల్ని, తల్లీపిల్లల్ని విడదీయబోమని ఆ వేలం ప్రకటనలో చెప్పారు. ఆ మాట అమ్మేవాడి దయ. చట్టంలో బానిసల పెళ్లికి విలువే లేదు. ఆస్తికి పెళ్లేమిటి? చీపురు కట్ట దాటడమే పెళ్లి తంతుగా పెళ్లాడారు, తోటి వాళ్ల సాక్షిగా పెళ్లాడారు, పాస్టర్ చేత ప్రార్థన చేయించుకున్నారు. ఏదైనా యజమాని అవసరం వచ్చేవరకే. 1790 నుంచి 1860 మధ్య వర్జీనియా, మేరీలాండ్ లాంటి పాత రాష్ట్రాల నుంచి కింద, ఇంకా దక్షిణాన ఉన్న పత్తి, చెరకు రాష్ట్రాలకు దాదాపు 10 లక్షల మందిని తరలించారు. కొందరిని ఓడల్లో, చాలామందిని గొలుసులతో జతలు కట్టి వందల మైళ్లు నడిపించి. 1793లో పత్తి గింజ తీసే యంత్రం వచ్చాక కింది రాష్ట్రాల్లో చేతులు చాలలేదు. మనుషుల రేట్లు పెరిగాయి.

ఇప్పుడు రోజువారీ బతుకు చూద్దాం. చట్టంలో 'యజమాని ఇష్టం' అన్న మాటకు తోటలో అర్థమేమిటో తిండి గిన్నెలో తెలుస్తుంది. సాలమన్ నార్తప్ అనే ఆయన న్యూయార్క్‌లో స్వతంత్రంగా పుట్టిన మనిషి. 1841లో ఆయన్ని మోసగించి ఎత్తుకుపోయి అమ్మేశారు. 12 ఏళ్లు లూసియానా తోటల్లో గడిపి బయటపడి, అంతా రాశాడు. వారానికి మూడున్నర పౌండ్ల పందిమాంసం, అంటే కిలోన్నర పైచిలుకు, దాంతోపాటు ఒక పెక్ పిండికి సరిపడా మొక్కజొన్న, మన లెక్కలో ఆరు కిలోలు. అంతే రేషన్. పొలం నుంచి చీకటి పడ్డాక వచ్చి, ఆ మొక్కజొన్న తామే విసురుకుని, నిప్పు రాజేసుకుని, రాత్రికీ మర్నాటి మధ్యాహ్నానికీ వండుకోవాలి. పడుకోవడానికి అడుగు వెడల్పు, పది అడుగుల పొడవున్న చెక్క. తలకింద కట్టె ముక్క.

పత్తి తీత కాలంలో మనిషికి రోజుకు 200 పౌండ్లు లెక్క. అంటే 90 కిలోలు. ఇక్కడ గుంటూరు, వరంగల్ చేలల్లో పత్తి తీసిన అమ్మలు ఎవరైనా ఉంటే ఆ అంకె వినగానే వాళ్ల వేళ్లు సలుపుతాయి. ఎండిన కాయ తొనల మొనలు గోళ్ల పక్కన ఎలా చీరుకుపోతాయో వాళ్లకు చెప్పనక్కర్లేదు. సాయంత్రం బుట్ట తూకానికి తీసుకెళ్లేటప్పుడు ప్రతి ఒక్కరికీ భయమే అని నార్తప్ రాశాడు. తక్కువైతే కొరడా. ఎక్కువైతే? రేపటి నుంచి ఆ ఎక్కువే లెక్క.

అన్ని తోటలూ ఒకలా లేవు. సౌత్ కరోలినా, జార్జియా తీరంలో వరి పండించే చోట మనిషికింత అని పని కొలిచి ఇచ్చేవాళ్లు. ముగిస్తే మిగిలిన పొద్దు తమది. ఆ కాస్త పొద్దులో కూరపాదులు వేసుకున్నారు, కోళ్లు పెంచారు, చేపలు పట్టారు. కానీ ఆ వరి మడులు బురదా, దోమలూ, జ్వరాలూ. లూసియానా చెరకు తోటల్లో శరదృతువు వస్తే గానుగ రాత్రింబవళ్లు ఆగదు. మంచు పడకముందే రసం తీయాలి కాబట్టి నిద్ర అన్న మాట ఉండదు. మరుగుతున్న కడాయిలు, రోలర్ల మధ్య చిక్కుకున్న చేతులు.

పిల్లల సంగతి చెప్పకుండా ఉండలేను. బానిసత్వం నుంచి తప్పించుకుని తర్వాత తన కథ రాసిన ఫ్రెడరిక్ డగ్లస్ మేరీలాండ్‌లో 1818లో పుట్టాడు. తన పుట్టినరోజు ఏదో ఆయనకు జీవితాంతం తెలియదు. పసిబిడ్డగా ఉండగానే తల్లిని 12 మైళ్ల దూరంలో ఉన్న పొలానికి పనికి పంపేశారు. పగలంతా పని చేసి, రాత్రి నడిచి వచ్చి, కొడుకు పక్కన పడుకుని, తెల్లవారకముందే ఆమె తిరిగి నడిచి వెళ్లిపోయేది. సూర్యోదయానికి పొలంలో లేకపోతే కొరడా. జీవితంలో నాలుగైదు సార్లకు మించి ఆయన ఆమెను చూడలేదు. పనికి రాని పిల్లలకు ఏడాదికి రెండు ముతక చొక్కాలు. చెప్పులు లేవు, లాగు లేదు. చలికి పగిలిన తన పాదాల చీలికల్లో, ఇప్పుడు రాస్తున్న ఈ కలం పెట్టొచ్చు అని పెద్దయ్యాక రాశాడాయన. ఐదేళ్లు నిండకముందే దాదాపు సగం మంది బానిస పిల్లలు చనిపోయేవారని చరిత్రకారుల అంచనా. నెలలు నిండేదాకా తల్లులు పొలంలోనే ఉంటే, కడుపులో బిడ్డకు ఎక్కడి బలం?

బట్ట మాట వచ్చింది కాబట్టి మనకు సంబంధించిన ముక్క ఒకటి చెప్పాలి. 18వ శతాబ్దంలో పశ్చిమ ఆఫ్రికా తీరంలో యూరప్ వర్తకులు మనుషులను కొనడానికి ఇచ్చిన సరుకుల్లో మన దేశపు నూలు బట్టలు చాలా ఎక్కువ. కోరమాండల్ తీరం నుంచి, అంటే మన ఆంధ్ర తీరం కూడా కలిసిన చోటు నుంచి, ఓడలకెక్కిన బట్టలు. నేసినవాళ్లకు ఆ సంగతి తెలియదు. వాళ్లకు దక్కింది నేత కూలీ. 1786లో న్యూ ఆర్లియన్స్‌లో ఆఫ్రికన్ సంతతి స్త్రీలు, స్వతంత్రులైన వాళ్లు కూడా, జుట్టు కనిపించకుండా గుడ్డ చుట్టుకోవాలని గవర్నరు ఆజ్ఞ వేశాడు. అందంగా కనిపించకూడదని. ఆ స్త్రీలు రంగురంగుల మద్రాసు గళ్ల రుమాళ్లు తెచ్చుకుని కిరీటంలా చుట్టుకున్నారు. చీరాల మగ్గాల మీద నేసిన అలాంటి రుమాళ్లు ఆ తర్వాత కూడా చాలా కాలం పశ్చిమ ఆఫ్రికాకు వెళ్లాయి. చీరాల నుంచి వచ్చిన మిత్రులు ఈ సభలో ఉన్నారు, వాళ్లు ఈ సంగతి తలుచుకోవాలని చెబుతున్నాను.

మన దగ్గర కూడా బానిసలు లేరా అని ఒకరు చీటీ పంపారు. ఉన్నారు. బ్రిటన్ 1833లో తన వలసల్లో బానిసత్వం రద్దు చేసి, యజమానులకు 2 కోట్ల పౌండ్ల నష్టపరిహారం ఇచ్చింది. బానిసలకు పైసా ఇవ్వలేదు. కంపెనీ పాలనలో ఉన్న మన దేశాన్ని ఆ చట్టం నుంచి మినహాయించారు. ఇక్కడ 1843 ఐదో చట్టం వచ్చాకే, మనిషి మీద ఆస్తిహక్కును కోర్టులు గుర్తించడం మానేశాయి. జోతిరావు ఫూలే 1873లో తన గులాంగిరి పుస్తకాన్ని, నల్లవాళ్ల బానిసత్వం పోగొట్టడానికి పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. కులం బాధ తెలిసినవాడు ఆ బాధను గుర్తుపట్టాడు. అయితే మన వెట్టినీ దీన్నీ ఒకే గాటన కట్టొద్దు. రెంటిలోనూ క్రూరత్వం ఉంది. కానీ పిల్లవాడి పుట్టుకనే దస్తావేజుగా మార్చిన ఈ చట్టాన్ని విడిగా చదివితేనే అర్థమవుతుంది.

మిగతా కథ మీ సిలబస్‌లో ఉంటుంది, త్వరగా చెబుతాను. 1787 అమెరికా రాజ్యాంగం 'బానిస' అన్న మాట వాడకుండానే, ప్రతినిధుల లెక్కకు బానిసల్లో ఐదింట మూడు వంతులు లెక్కించమంది. 1850 చట్టం పారిపోయినవాళ్లను ఎక్కడున్నా పట్టి ఇవ్వాలంది. విచారించే కమిషనరు ఆ మనిషిని యజమానికి అప్పగిస్తే 10 డాలర్ల ఫీజు, వదిలేస్తే 5 డాలర్లు. పట్టుబడినవాడికి సాక్ష్యం చెప్పే హక్కు లేదు. 1857లో, స్వేచ్ఛ కోసం కోర్టుకెక్కిన డ్రెడ్ స్కాట్ అనే బానిస కేసులో, అమెరికా సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్ టానీ, నల్లవాళ్లు పౌరులు కాలేరని తేల్చేశాడు.

ఇంత బరువు కింద కూడా ఆ మనుషులు ఊరికే పడి లేరు. లిడియాను కాల్చిన ఆ చోవాన్ కౌంటీలోనే, ఈడెంటన్ అనే ఊళ్లో, అప్పటికి పదహారేళ్ల అమ్మాయి ఒకరున్నారు. హారియెట్ జేకబ్స్. యజమాని వెంటపడి వేధించాడు. 1835లో పారిపోయినట్టు నమ్మించి, అదే ఊళ్లో తన అమ్మమ్మ ఇంటి చూరు కింద అటకలో దాక్కుంది. 9 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు, ఎత్తు ఎక్కువ ఉన్న చోట 3 అడుగులు. నిలబడే వీల్లేదు. దాదాపు ఏడేళ్లు. చిన్న రంధ్రం చేసుకుని, కింద వీధిలో ఆడుకునే తన పిల్లలను చూసేది. పిలవలేదు, పలకరించలేదు. 1842లో, బానిసత్వం లేని ఉత్తర రాష్ట్రాలకు తప్పించుకుంది. తర్వాత తన కథ తానే రాసింది. రాయడం నేర్పితే జరిమానాలు వేసిన చోట్ల నుంచి వచ్చిన స్త్రీ.

1865 డిసెంబరులో 13వ రాజ్యాంగ సవరణతో బానిసత్వం రద్దయింది. నేరానికి శిక్షగా తప్ప, అన్న నాలుగు మాటలు అందులో మిగిలాయి. ఆ సందులోంచి ఖైదీలను తోటలకు అద్దెకివ్వడం మొదలైంది. అది ఇంకో సాయంత్రానికి మిగిలిన కథ.

ఇవాళ నార్త్ కరోలినాతో ఆపుతాను. 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసల పట్టికలు విడిగా ఉన్నాయి. పైన యజమాని పేరు. కింద వయసు, ఆడా మగా, రంగు. పేరు రాసే గడి లేదు. 1866 మార్చిలో నార్త్ కరోలినా ఒక చట్టం చేసింది. బానిసలుగా ఉన్నప్పుడు కలిసి బతికిన దంపతులు కౌంటీ గుమస్తా దగ్గరికో, స్థానిక న్యాయాధికారి దగ్గరికో వచ్చి నమోదు చేసుకుంటే ఆ కాపురాన్ని పెళ్లిగా గుర్తిస్తారు. ఫీజు 25 సెంట్లు. చేతిలో చిల్లిగవ్వ లేని రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. వేల జంటలు వచ్చాయి. ఆ రిజిస్టర్లలో భర్త పేరు, భార్య పేరు, ఎప్పటి నుంచి కలిసి ఉన్నారో రాసే గడి ఉంది. కొందరు ఐదేళ్లు అని చెప్పారు. జుట్టు నెరిసినవాళ్లు ముప్పై ఏళ్లు, నలభై ఏళ్లు అని చెప్పారు. గుమస్తా రాసుకున్నాడు.